బాపు చేసిన కలెక్టర్

ఆదివారం, రాత్రి

ఒళ్లు మండిపోతోంది. సివిల్స్‌లో నాకు వచ్చింది విదేశాంగ సర్వీసు. పొద్దున చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచిన బాపు మాత్రం "దేవుని దయతోటి నా బిడ్డ కలెక్టర్ అయింది" అనేశాడు. ఒకటే చప్పట్లు, స్తోత్రాలు.

బయటికొస్తే మొయినాబాద్ చౌరస్తాలో అన్న కట్టించిన ఫ్లెక్సీ. అందులోనూ కలెక్టరే! అది చూసి పక్కింటి శాంతమ్మ అవ్వ పాస్‌బుక్ పట్టుకుని ఇంటికొచ్చింది. "బిడ్డా, నా భూమి జర రికార్డుల ఎక్కియ్యరాదు." అది నా చేతిలో లేదంటే, "అప్పుడే గింత గర్వమా" అని గొణుక్కుంటూ పోయింది.

అన్నం దగ్గర బాపును నిలదీశాను. కలెక్టర్ అయ్యే ర్యాంకు వచ్చినా నేనే వద్దన్నాను కదా! దేశదేశాల్లో రాయబారిగా పనిచేసి, విదేశాంగ మంత్రి అయిన ఆయన గురించి ఎన్నిసార్లు చెప్పాను! ఆయన్ను చూసే కదా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేశాను!

బాపు కంచంలోంచి తలెత్తలేదు. "ఎరుకే బిడ్డా. గా సారు గూడ మంత్రి అయినంకనే గద మనకు తెల్సిండు. నువ్వు గూడ మంత్రివి కా, అప్పుడు అందరికి నిజం చెప్త. అందాక కలెక్టర్ అనే ఉండనియ్యి."

అమ్మ పకపకా నవ్వింది. నేను చేయి కడిగేసుకుని లేచాను.

రేపోమాపో దేశం తరఫున మాట్లాడాల్సినదాన్ని. చర్చిలో లేచి "కాదు" అనే ఒక్క మాట నా నోట రాలేదు. వచ్చే ఆదివారం లేచి చెప్పాలి. కానీ బాపు ముందు వరసలోనే కూర్చుంటాడు...