రెండో పొయ్యి

కనకమ్మ సత్రం,
వైకాశి నెల, 1942

ఏమండీ,

ప్రాణనాథా అని మొదలుపెడితే మీరు నవ్వుతారు, అందుకే మామూలుగానే పిలుస్తున్నాను. ఈ ఉత్తరం మీకు చేరదని నాకు తెలుసు. సింగపూరు జపానువాళ్ళ చేతికి పోయినప్పటి నుంచి మలయాకు టపా లేదమ్మా అని పోస్టాఫీసులో చెప్పేశారు. మళ్ళీ పోయి అడిగితే, ఆ పోస్టుమాస్టరు నా ముఖం చూడకుండా ముద్రలు కొట్టుకుంటూ అదే మాట చెప్పాడు. అయినా రాస్తున్నాను. ఈ ఇంట్లో నేను నోరు విప్పి మాట్లాడే మనిషి మీరొక్కరే. మీరేమో ఆ రబ్బరు తోటలోనే ఉన్నారో, ఏ అడవిన పడ్డారో. ఎక్కడున్నా వేళకు ఇంత తింటున్నారా అన్నదే నా దిగులు.

ఇక్కడ మన ఊళ్ళో సంగతులు చెప్తాను. చిత్తిర నెలలో పట్నం మీద బాంబులు పడతాయని పుకారు పుట్టింది. పని లేనివాళ్ళు ఊరు వదిలి పొమ్మని గవర్నమెంటే చెప్పిందట. ఇంకేముంది, మనకు ఎంతమంది చుట్టాలున్నారో నాకు ఆ వారంలో తెలిసింది. తిరువళ్ళూరు స్టేషన్లో దిగి, బొగ్గుతో నడిచే ఆ బస్సులో మసి కొట్టుకుపోయి వచ్చారు. మొదట మీ మేనత్త పొన్నమ్మ, ఏడో నెల కడుపుతో ఉన్న కూతురు సుబ్బమ్మతో. ఆ వెనక మామ పినతండ్రి పిల్లలు. ఆ వెనక వాళ్ళ వియ్యాలవారు. ఒకామె రుబ్బురోలు పొత్రం తెచ్చింది, రోలు మాత్రం పట్నంలోనే వదిలేసింది. మీరుంటే పొట్ట పట్టుకుని నవ్వేవారు.

మామ అందరినీ "రండి, రండి" అన్నాడు. మీ నాన్న సంగతి మీకు తెలియంది కాదు, రావద్దు అనడం ఆయనకు రాదు. నడవా నిండింది, గడ్డివాము పక్క కూడా నిండింది. అప్పుడు ఇంటి వెనక శెనక్కాయల చేలో ఒక వార చిన్న చిన్న కొట్టాలు వేయించాడు. మట్టిగోడలు, తాటాకు కప్పు, ఒక గది, ఒక తలుపు. మీలాంటి పొడుగు మనిషి పడుకుంటే తల ఒక గోడకు, కాళ్ళు ఇంకో గోడకు తగులుతాయి. చూడటానికి మాత్రం ముచ్చటగా ఉన్నాయి, పిల్లలు ఆడుకోవడానికి కట్టినట్టు.

పని చేసే మునుస్వామి మొదటి కొట్టంలో మూలగా పొయ్యి దిమ్మ వేయబోయాడు. అత్త, అదే మీ అమ్మ, ఎక్కడి నుంచి చూసిందో, కొంగు బిగించుకుని వచ్చింది.

"ఎవురు చెప్పినారు నీకు? తియ్యి దాన్ని. చుట్టాలు పండుకునేదానికి కొట్టాలు. తినేది నా పొయ్యి మింద."

మనవాళ్ళలో వేరు పొయ్యి వెలిగిస్తే వేరు పడినట్టే లెక్క. అన్నదమ్ముల పంచాయతీలో పెద్దమనుషులు మొదట అడిగేది, పొయ్యి ఎప్పుడు వేరైంది అనే కదా. అత్తకు ఆ భయం ఎక్కువ. చుట్టాలైనా సరే, తన నేల మీద ఇంకో పొయ్యి పొగ లేవకూడదని కట్టు పెట్టింది. కట్టు ఆమెది, చాకిరీ నాది. అంతమందికీ సంగటి కెలికి కెలికి నా భుజాలు పట్టేశాయి. మీ వదిన రుక్మిణమ్మక్కకు చుట్టాలు దిగిన రోజే నడుము నొప్పి వచ్చింది. వాళ్ళు పోయేదాకా అది పోయేట్టు లేదు.

చాకిరీకి నేను ఏడవడం లేదు. నిన్న అందరూ తింటుంటే పొన్నమ్మత్త, "అబ్బాయి కాడి నుంచి జాబేమన్నా వచ్చిందా?" అని అడిగింది. మీ అన్న సుందరరాజులు బావ చారు పోసుకుంటూ, "ఇంక యాడ నుంచి వస్తాది?" అన్నాడు. అంతే. ఎవ్వరూ కాదనలేదు, కసరలేదు. మామ విస్తరి వైపు చూస్తూ తింటూనే ఉన్నాడు. రుక్మిణమ్మక్క మాత్రం నా మెడలో తాళి వైపు చూసింది. బావి దగ్గరకు పోయి ముఖం కడుక్కుంటున్నట్టు ఏడ్చాను.

మీ కోసం కళ్ళు కాయలు కాసేలా చూసే,
వనజాక్షి


కనకమ్మ సత్రం,
ఆడి నెల

ఏమండీ, ఎక్కడున్నారో గాని నా మాట వినండి,

పెద్ద గొడవ అయిపోయింది. ఎవరు ఏం చెప్పినా ముందు నా నోటి నుంచి వినండి.

సుబ్బమ్మకు కొట్టంలోనే కాన్పు అయింది, మగపిల్లవాడు. ఆమె ఇంకా పచ్చి బాలింతగా ఉండగానే ఆడికృత్తిక పండగ వచ్చింది. ఇంటిల్లిపాదీ కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండకు బయలుదేరారు. బాలింత దగ్గర ఒకరుండాలి కాబట్టి నన్ను ఉండమన్నారు. ఆ రోజు మన ఇంటి ఆచారం మీకు తెలుసు కదా. అత్త పొయ్యి ఆర్పి, అలికి, ముగ్గు పెట్టి, వంటింటికి తాళం వేసి, కొండ నుంచి విభూతి తెచ్చాకే మళ్ళీ వెలిగిస్తుంది. మాకు పొద్దున వండిన అన్నం, ఒక చెంబుతో వేడినీళ్ళు పెట్టి పోయారు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. తాటాకు కప్పు కొత్తది, ఇంకా సర్దుకోలేదు, ఒక మూల కారి సుబ్బమ్మ పక్కంతా తడిసింది. ఆమెకు వణుకు మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పిల్లవాడు పాలు తాగడం మానేశాడు. చెంబులో నీళ్ళు ఎప్పుడో చల్లారాయి. చుట్టుపక్కల కొట్టాలన్నీ ఖాళీ, అందరూ కొండ మీదే. ఊళ్ళోకి పరిగెత్తి వేడినీళ్ళు తెద్దామంటే వాళ్ళిద్దరినీ ఎవరికి అప్పజెప్పి పోను? నేనేం చేయాలి, మీరే చెప్పండి. మూడు రాళ్ళు తెచ్చి ఆ కొట్టం మూలలోనే పొయ్యి పెట్టాను. నీళ్ళు కాచి గుడ్డలు ముంచి కాపడం పెట్టాను, పొద్దుటి అన్నం మెదిపి కాస్త గంజి కాచి తాగించాను. ఆమెకు వణుకు తగ్గింది. పిల్లవాడు పాలు తాగాడు. నాకు అంత సంతోషం ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం బండ్లు వచ్చాయి. తడిసిన తాటాకు సందుల్లోంచి పొగ లేస్తుంటే ఎవరికి కనబడదు? బావ బండి దిగి నేరుగా చేలోకి వచ్చాడు, నుదుట విభూతి తడి ఇంకా ఆరలేదు.

"పొయ్యి పెట్టినావా?"

"సుబ్బమ్మకు చలి పుట్టింది బావా. వంటింటికి బీగం ఏసుండాది."

"బీగం ఉంటే వచ్చేదాకా ఉండకూడదా? మా అమ్మ పెట్టిన కట్టు నీకు లెక్కలేదు."

పొన్నమ్మత్త పక్కనే నిలబడి ఉంది. నా కూతురి కోసమే పెట్టింది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె మనవడిని ఎత్తుకుని వాడి ముఖమే చూస్తూ ఉండిపోయింది. ఆమె మీద నాకు కోపం రావడం లేదు. బావ ఒక్క మాట పొమ్మంటే పచ్చి బాలింతను పెట్టుకుని ఆమె యాడికి పోతుంది?

మర్నాడు పొద్దున్నే నా పెట్టె, రెండు కుండలు, ఒక చేట బియ్యం, ఉప్పు తెచ్చి చివరి కొట్టం ముందు పెట్టించాడు. "పొయ్యి యాడ ఉంటే కాపురం ఆడ. మా తమ్ముడి వాటా ఇదే," అన్నాడు. ఆ కొట్టం, అది నిలబడిన నేల, అంతే. బావి, మడి, మామిడి చెట్లు, ఇల్లు, ఏదీ కాదట. మామ కండువాతో ముఖం తుడుచుకుని బండి వైపు పోయాడు. అత్త నా వైపు చూడకుండా తాళం తీసి వంటింట్లోకి పోయింది. బావ అన్నదానికంటే అదే నన్ను చంపేసింది.

ఇప్పుడు నేను ఇక్కడ ఉన్నాను. చుట్టాల కోసం కట్టిన కొట్టంలో. పెద్ద ఇంటి దొడ్డి గోడ ఇక్కడికి కనబడుతుంది, మాటలు వినబడతాయి, నన్ను మాత్రం ఎవరూ పిలవరు. పొదటూరుపేట నుంచి మా అమ్మ వచ్చెయ్యమని కబురు పంపింది. పోతే తనంతట తనే పోయింది అంటారు, మీ వాటా పోతుంది. ఉంటే వేరు పొయ్యి మీద తింటోంది చూడండి అంటారు. ఆర్పేద్దామంటే నాకు తిండి లేదు. వండుకున్న ప్రతిసారీ నా చేత్తో నేనే మిమ్మల్ని ఆ ఇంటి నుంచి వేరు చేస్తున్నట్టు ఉంది. వండకుండా రెండు పూటలు ఉండి చూశాను, కళ్ళు తిరిగాయి. ఎటు తిరిగినా దారి లేదండీ. ఇంత చేతకానిదాన్నని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

వచ్చే ఆవణి నెలలో పెద్దమనుషులను పిలిచి తేల్చేస్తాడట బావ. మీరు రారని ఆయన ధైర్యం.

మీ వనజాక్షి


కనకమ్మ సత్రం,
ఆవణి నెల

ఏమండీ,

నిన్న పెద్దమనుషులు వచ్చారు. అరుగు మీద చాపలు వేశారు. వాళ్ళలో పెద్ద రామానుజం నాయుడు నడుమ కూర్చున్నాడు. నన్ను మెట్ల కింద నిలబెట్టారు. చుట్టాలంతా దొడ్డిదారిన చేరి చూస్తున్నారు. పట్నంలో బాంబులూ పడలేదు, ఏమీ లేదు, వీళ్ళు మాత్రం ఇంకా కదల్లేదు.

రామానుజం నాయుడు అడిగాడు. "ఆ కొట్టంలో పొయ్యి ఎవురు వెలిగించినారు?"

"చెప్పు, నువ్వే కదా?" అన్నాడు బావ.

నేనే అని చెప్పాలి, ఇంకేం చెప్పను? నోరు తెరిచాను.

"నేను," అని తలుపు వెనక నుంచి వినబడింది. అత్త.

అందరూ అటు తిరిగారు. అత్త గడప దాటి వచ్చి నిలబడింది. పెద్దమనుషుల ముందుకు ఆమె ఎప్పుడైనా వచ్చిందా, మీరు చూశారా? నేనైతే చూడలేదు.

"నువ్వు కొండకు పోయింటివి గదమ్మా!" అన్నాడు బావ.

"పోతా పోతా నేనే చెప్తిని. బాలింతకు అవసరమైతే పొయ్యి పెట్టుకోమంటిని. నా మాట మింద వెలిగిన పొయ్యి నాది."

"మరి ఇన్ని దినాలు ఏల చెప్పలేదు?"

"నన్ను ఎవురడిగినారు?"

అదంతా అబద్ధం. ఆమె నాతో అలాంటి మాట ఏదీ అనలేదు. అది అబద్ధమని బావకు తెలుసు, మామకు తెలుసు, ఆ కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. కానీ మీ అమ్మ చెంగమ్మ మాట అబద్ధమని చెప్పే దమ్ము ఆ అరుగు మీద ఎవరికీ లేదు. రామానుజం నాయుడు గొంతు సవరించుకున్నాడు. బావ ముఖం కందగడ్డ అయింది. "నీ పొయ్యి అయితే నువ్వు ఆడ తింటావా?" అన్నాడు, ఎగతాళిగా.

"తింటాను."

వంటింటి తాళం చెవి మొలలోంచి తీసి రుక్మిణమ్మక్క చేతిలో పెట్టింది. మెట్లు దిగి, నన్ను దాటి, శెనక్కాయల చేలో నడిచి పోయి, తల వంచి నా కొట్టంలో దూరింది. నేను వెనకే పరిగెత్తాను. అప్పటికే చాప మీద కూర్చుని ఉంది.

"ఏముండాది తినేదానికి?"

పొద్దుటి సంగటి, గోంగూర ఊరగాయ ఉన్నాయి. పెట్టాను. తింది. నేను ఆమె కాళ్ళ దగ్గర పడి ఏడిస్తే కసిరింది.

"లెయ్యి. నీ కోసమనుకుంటివా? నీ మింద నాకు కోపం పోలేదు. నా కొడుకుది కొట్టమంత వాటానా? వాడి నోటి కాడిది తియ్యనిస్తానా నేను?"

పెద్దమనుషులు ఏదీ తేల్చకుండానే లేచిపోయారు. ఇంటి పెద్ద ఆడది పెట్టిన పొయ్యి వేరు పొయ్యి ఎట్లా అవుతుంది అని రామానుజం నాయుడు మామతో అన్నాడట. సాయంత్రానికి మామ కూడా తన కంచం, చెంబు పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, పిలవని చుట్టంలాగా. ముగ్గురం ఆ గదిలో ఒకరి మోకాలు ఒకరికి తగిలేట్టు కూర్చుని తిన్నాం. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పెద్ద ఇంట్లో ఇప్పుడు బావా, రుక్మిణమ్మక్కా ఉన్నారు. చుట్టాలు ఏ పొయ్యి దగ్గరికి పోవాలో తెలియక విస్తళ్ళు పట్టుకుని నడి చేలో నిలబడుతున్నారు. మీ వాటా నిలబడింది. ఇల్లు మాత్రం నిజంగానే రెండైంది. దాన్ని ఎలా కలపాలో నాకు తెలియదు.

అసలు రాయాలనుకున్నది ఇది. ఈ పొద్దున ఇద్దరం కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. మామ చేలోకి పోయాడు. అత్త చేట మీద నుంచి కళ్ళెత్తకుండా, ఎవరైనా వింటారేమో అన్నంత చిన్నగా అడిగింది.

"అమ్మీ. వాడు ఉండాడా?"

అంతమంది ముందు నా కొడుకు వాటా అని కొట్లాడిన మనిషికి కూడా మీరు బతికి ఉన్నారో లేదో తెలియదు. ఆమె నన్ను అడుగుతోంది. నేనెవరిని అడగను?

"ఉండాడు అత్తా," అన్నాను. "నాకు తెలుసు."

"నిజంగా తెలుసునా?"

"తెలుసు."

ఆమె తల ఊపి మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. నాకేమీ తెలియదండీ. నిన్న ఆమె మీ కోసం అబద్ధం చెప్పింది, ఇవాళ నేను ఆమె కోసం చెప్పాను. ఆమె అబద్ధాన్ని ఊరంతా నిజమని ఒప్పుకుంది. నాది నిజం చేయగలిగింది మీరొక్కరే. త్వరగా రండి.

మీ
వనజాక్షి