జల్లెడ కింద పడినది

దిగువ సంతకం చేసిన నేను, డెబ్బై రెండేళ్లదాన్ని, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ మీద ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన శాస్త్రవేత్తను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. నా గుండె పని అయిపోయిందని చెప్పిన డాక్టరే, నా మతి మాత్రం బాగానే ఉందని చీటీ రాసిచ్చాడు. దాన్ని జతచేశాను. ఇంతకు ముందు రాసిన వీలునామా చెల్లదు. అందులో నా గురించి చాలా గొప్పగా రాసుకున్నాను.

1. నేనుంటున్న మూడో అంతస్తులోని రెండు గదుల ఇల్లు, సామానుతో సహా, నా తదనంతరం నా చెల్లెలి కూతురు సర్వహక్కులతో అనుభవించవలసినది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. స్నానాలగది కుళాయి పూర్తిగా తిప్పితే ఊడి వస్తుంది, సగమే తిప్పాలి. చిన్నప్పుడు ఈ పిల్ల బడిలో "మా పెద్దమ్మ సంచుల్ని మాయం చేస్తుంది" అని చెప్పి వచ్చింది. నేను పొంగిపోయాను. తల్లీ, అది నిజం కాదు.

2. నా నల్ల గొడుగు మా మరిదికి. ఎలాగూ నాలుగేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. నలుగురిలో నన్ను "మా సంచుల వదినగారు" అని పరిచయం చేసినందుకు ఇంకా కోపంగానే ఉన్నాను.

3. నా సొంత మైక్రోస్కోపు, చెక్కపెట్టెతో సహా, మా ల్యాబులో గాజుసామాను కడిగిన ఆమెకు. ఆమెకెందుకని ఎవరూ అడ్డు చెప్పకూడదు. కారణం రాస్తున్నాను.

మా సంచి ముక్కల్ని తొంభై రోజులు వెచ్చటి ఎరువులో పాతిపెట్టి, తర్వాత ఆ ఎరువును రెండు మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడలో పోసి జల్లించేవాళ్లం. పైన మిగిలిందే ప్లాస్టిక్, కింద పడిందంతా కరిగిపోయినట్టే. పరీక్షకున్న నిబంధన అది. పదింట తొమ్మిది వంతులు కింద పడ్డాయి. మేం మిఠాయి పంచుకున్నాం. ఈమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "కింద పడ్డదాంట్లో ఏదో మెరుస్తోంది అమ్మగారూ, అది కూడా కరిగిపోయినట్టేనా?" అని అడిగింది. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆ ఎరువును ఆమె పారేయలేదు. వరండాలో కుండీలకు పోసుకుంది. నేను రిటైరయ్యాక, పన్నెండేళ్ల నాటి ఆ కుండీ మట్టిని కాగితంలో పొట్లం కట్టి మా ఇంటికి తెచ్చింది. ఒక్క చెంచాడు మట్టిలో మూడు వందల ముక్కల దాకా లెక్కపెట్టి, ఇక చేతకాక ఆపేశాను. మా సంచి కరగలేదు. చిన్నదయింది, అంతే.

4. నా ప్రయోగాల పుస్తకాలు పంతొమ్మిదీ నా శిష్యుడికి. టైము కాకుండానే ఓవెన్ తలుపు తీసేవాడు కాబట్టి వాణ్ణి తొందర అని పిలిచేవాళ్లం. ఇప్పుడు ఆ ల్యాబుకు వాడే అధిపతి. సంచి మట్టిలో కరిగిపోతుందని సైన్సు పత్రికలో మేం అచ్చువేయించిన వ్యాసం మా ఇద్దరిదీ, దాన్ని నమ్మే ఆ సంచులు బజారుకొచ్చాయి. పొట్లం సంగతి చెబితే, "మనం అబద్ధం రాయలేదు కదా మేడమ్! నిబంధన ప్రకారమే చేశాం. ఇప్పుడిది బయటపెడితే నా కింద చేరిన పిల్లలంతా రోడ్డున పడతారు" అన్నాడు. నాకు జ్వరం వస్తే మూడు రోజులు గంజి కాచిపెట్టిన పిల్లాడు. ఎనిమిదేళ్లు గడిచాయి.

5. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిన ఉత్తరం ఇందులో ఉంది. నేను పోయిన ముప్పై రోజుల్లోగా తొందర సంతకం పెడితే సరి. పెట్టకపోతే నా ఒక్కదాని సంతకంతోనే పత్రికకు పంపవలసినది. ఒక్క సంతకం చెల్లదని వాళ్లు తిప్పి పంపవచ్చు. చెల్లినా, వెనక్కి వచ్చేది వ్యాసమే. సంచులు రావు.

6. ఇన్నాళ్లూ తొందర కోసమే ఊరుకున్నానని చెప్పుకున్నాను. అది శుద్ధ అబద్ధం. ఆ సంచిని కనిపెట్టిన మనిషిగానే పోవాలని నాకు ఆశగా ఉండేది. ఉత్తరం మీద ఈ రోజే సంతకం పెట్టాను. సిగ్గుగా ఉంది.

కానుక అందుకునేవాళ్లు సాక్షులుగా ఉండకూడదని ప్లీడరు చెప్పడంతో, ఎదురింటి దర్జీనీ, కింది అంతస్తు మందుల షాపాయననూ పిలిపించి, ఇదంతా చదివి వినిపించాను. మందుల షాపాయన నా మాత్రలు తెచ్చిన సంచి వంక చూశాడు. మట్టిలో కలిసిపోతుందనే గుర్తుగా దాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. "మంచివని, రేటెక్కువైనా ఇవే కొంటున్నానమ్మా. మరి రేపట్నుంచి ఏం వాడమంటారు?" అని అడిగాడు. ముప్పై నాలుగేళ్లు ఈ పనే చేసినదాన్ని. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాను.

తేదీ: 2025 నవంబరు 11, మంగళవారం

(సంతకం)
వీలునామా రాసినవారు

సాక్షులు:
1. (సంతకం) ఎదురింటి దర్జీ
2. (సంతకం) మందుల షాపు యజమాని