పగిలిన బండ లెక్క తుడవొద్దని మనవి

శ్రీయుత పరిపాలనాధికారి గారి సముఖమునకు,
మన పాఠశాల కార్యాలయం, దమ్మామ్, సౌదీ అరేబియా.

విషయం: ఆడపిల్లల పూటకు, మగపిల్లల పూటకు నడుమ బోర్డు మూలన సాగుతున్న లెక్కను తుడిపించవద్దని కోరుట గురించి.

అయ్యా,

మధ్యాహ్నం పూట తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పు మస్తాన్ వలీ, స్వస్థలం కడప జిల్లా ప్రొద్దుటూరు, సవినయంగా విన్నవించుకొనునది. ఇదే విషయమై ఇంగ్లీషులో పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. తమరూ మా జిల్లావారేనని తెలిసి ఈసారి తెలుగులో రాస్తున్నాను. రాసే ఓపిక లేదు గానీ, ఊరుకునే ఓపిక అంతకన్నా లేదు.

1. మన పాఠశాలలో పొద్దున ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు అవే గదుల్లో చదువుతారన్నది తమరు ఎరిగినదే. పొద్దున లెక్కలు చెప్పే మెహజబీన్ మేడం గారిని నేను ఇంతవరకు చూసింది లేదు. వారి చేతిరాత మాత్రం బాగా ఎరుగుదును. నిరుడు ఒకనాడు వారు బోర్డు మూలన ఒక లెక్క తుడవడం మరిచిపోయారు. మా పిల్లలు ఊరుకోక దానికి జవాబు రాశారు. మర్నాడు చూస్తే జవాబు పక్కన టిక్కు, కింద కొత్త లెక్క. అప్పటినుంచి పొద్దుటి వాళ్ళు మధ్యాహ్నం వాళ్ళకు, మధ్యాహ్నం వాళ్ళు పొద్దుటి వాళ్ళకు లెక్కలు వేసుకుంటున్నారు. పిల్లలు లెక్కల పీరియడుకు పరుగెత్తుకుంటూ రావడం నా సర్వీసులో అదే మొదలు.

2. ప్రస్తుత వివాదమునకు మూలమేమనగా, తరగతి గదిలో వెనకాల బల్లలు వేయని చోట నేల బండలు ఐదు వరుసలు, వరుసకు ఏడు ఉన్నవి. అందులో ఒకటి పగిలినది. పగిలినదాన్ని తొక్కకుండా, ఎప్పుడూ పక్క బండ మీదికే అడుగు వేస్తూ, మిగతా బండలన్నీ ఒక్కొక్కసారే తొక్కి రాగలరా అని ఆడపిల్లలు అడిగారు. ఐమూలగా అడుగు వేయరాదు. మా వాళ్ళు వారమంతా తిరిగారు. ఎలా తిరిగినా ఏదో ఒక బండ మిగిలిపోయేది.

3. ఉదయకిరణ్ అను విద్యార్థికి లెక్కలంటే కడుపునొప్పి. నటన కాదు, చెమటలు పడతాయి. వాళ్ళ నాన్న అమ్మిరాజు గారు రేవులో స్టోర్ కీపరు. ఆయన నాతో, "ఈ ఏడు కూడా లెక్కలు పోయాయంటే వీసా మీద ఎగ్జిట్ కొట్టించి అమలాపురం హాస్టల్లో పడేస్తానండి మాస్టారూ. ఇంక నా వల్ల కాదండి" అన్నారు. తల్లిదండ్రులను వదిలి ఉండలేని పిల్లవాడు. అటువంటివాడు ఆరోజు ఖర్జూరపు గింజలు తెచ్చి, బండ విడిచి బండ మీద ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోయాడు. పెట్టి చాలాసేపు చూశాడు.

"సార్, గింజున్న బండ మీంచి అడుగేస్తే గింజలేని దాని మీదే పడాలండి. మళ్ళీ గింజ మీద. గింజలున్నవి పద్దెనిమిదండి, పగిలింది పోను లేనివి పదహారేనండి. ఒకటి విడిచి ఒకటి తొక్కాలంటే తేడా ఒకటికి మించకూడదండి. ఇంకెలా అవుద్దండి? అవ్వదండి!"

కాదు అని చెప్పి అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. అర్జీలో రాయదగిన మాట కాదు, అయినా రాస్తున్నాను. ఆ జవాబు వాడే బోర్డు మూలన రాసి, రేపు టిక్కు పడుతుందని ఇంటికి వెళ్ళాడు.

4. మర్నాడు టిక్కు లేదు. జవాబూ లేదు. రెండు పూటల విద్యార్థుల నడుమ లిఖితపూర్వక సంబంధం నిషేధించడమైనదనియు, పూట మారగానే బోర్డు తుడవవలెననియు తమ కార్యాలయపు ఉత్తర్వు వచ్చినది. గదులు శుభ్రం చేసే ఎల్లన్నను అడిగితే, "నాకేం ఎరుక సార్? తడిబట్టతోని తుడ్వుమన్నరు, తుడ్సిన. గా పోరడు చిన్నవోయిన మొకం ఏస్కొని నిలబడితె మాత్రం మనసున వట్టలే" అన్నాడు. అతనిని తప్పుపట్టను. ఉత్తర్వు అతనిది కాదు.

5. తరువాత తమరు స్వయంగా తనిఖీకి విచ్చేసి, గింజలేని ఒక బండ మీద నిలబడి, గదిలో గింజలు పారవేయించినందుకు నాకు మెమో ఇచ్చి, సదరు గింజలను కవరులో పెట్టి తీసుకుపోయారు. అవి పారవేసినవి కావని, పేర్చినవని చెప్పబోయాను. తమరికి తొందర పని ఉండినది.

6. గణితమును పిల్లలకు ఆనందదాయకముగా బోధించవలెనని తమ కార్యాలయమే సర్క్యులర్ పంపినది. దాని ప్రకారం నిరుడు బెలూన్లు కట్టి, అతిథి గారిచేత ప్రసంగం ఇప్పించాము. పిల్లలు కునికిపాట్లు పడ్డారు. అందుకు మాకు ప్రశంసాపత్రం వచ్చినది. ఈ ఏడు పిల్లలు నిజంగానే సంబరపడ్డారు, మెమో వచ్చినది. నేను దేన్ని పాటించాలో చెప్తే పాటిస్తాను. అలసిపోయాను సార్.

7. ఉదయకిరణ్‌కు కడుపునొప్పి తిరగబెట్టినది. వార్షిక పరీక్ష దగ్గర పడినది.

కావున బోర్డు మూలన జానెడు చోటు వదిలిపెట్టించ ప్రార్థన. అనుమానమున్నచో పూట మారే ముందు తమ కార్యాలయంవారే వచ్చి చదువుకోవచ్చును. జవాబు కూడా వేసి చూసుకోవచ్చును, మాకు అభ్యంతరం లేదు. ఒక పిల్లవాడు ఇక్కడ ఉండడమా, పోవడమా అన్నది ఇందులో ఉన్నదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మస్తాన్ వలీ

తా.క.: ఈ అర్జీ కవరులో పెట్టేలోపే తమ ఆజ్ఞ మేరకు పగిలిన బండ తీసి కొత్తది వేశారు. గొడవకు మూలమే లేకుండా చేద్దామని కాబోలు. కొత్తదాని రంగు కలవలేదు, గుమ్మంలోంచే కనబడుతోంది. మధ్యాహ్నం ఉదయకిరణ్ దాని ముందు నిలబడి, "సార్, ఇప్పుడవుద్దండి. కానీ ఎక్కడ పడితే అక్కడ మొదలెడితే అవ్వదండి, గింజ పెట్టిన బండ మీంచే మొదలెట్టాలండి. ఆ రోజు పెద్దసారు నిలబడ్డారే, ఆ బండ మీంచైతే ఎప్పటికీ అవ్వదండి" అన్నాడు. కడుపునొప్పి ఊసెత్తలేదు. నేనూ అడగలేదు. ఈ లెక్క మేము వేసింది కాదు, ఆడపిల్లలు వేసిందీ కాదు, తమరు వేసినది. బోర్డు తుడిపించినా, రేపు పొద్దున ఆడపిల్లలకూ ఆ బండ కనబడుతుంది. ఖర్జూరపు గింజలు వాపసు ఇప్పించగలరు. పిల్లలకు అవసరం పడినది.