తెలుసుకోవాలన్న కోరిక

పెద్దమ్మా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఇయ్యాల్నే మన ఊరి బడిల ఆరోగ్య శిబిరం పెట్టిండ్రు. భద్రాచలం నుంచి డాక్టరొచ్చి గంటసేపు మైకు వదల్లే. చికిత్స సంస్కృతం మాటనట, దాని అసలు అర్థం 'తెలుసుకోవాలన్న కోరిక' అట. అందరూ చప్పట్లు కొట్టిండ్రు.

ఆ మహానుభావుని కోరిక ఎంతదో చూడు. ముందు వరుసల ముత్తమ్మ చీము కారే కాలు చాపుకొని కూసుంటే, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, "రేపు దవాఖానకు రా" అని కారెక్కిండు.

నువ్వు పుండు వాసన చూడందే పసరు నూరేదానివి కాదు. "ఎంత లోతున్నదో వాసనే చెప్తది బిడ్డా" అనేదానివి.

కారు పోయినంక నేనే ముత్తమ్మ కాలు ఒళ్లో పెట్టుకొని, వంగి వాసన చూసిన. లోతుగనే ఉన్నది. ఏ ఆకు నూరాల్నో నిన్ను ఒక్కనాడన్నా అడగకపోతి.