మన ఇంటి తలుపు నంబరు

కర్దనూర్,
ఆదివారం మధ్యాహ్నం.

నిషిత నాన్నకు,

సునంద నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నిషితా ఒంట్లో బాగానే ఉన్నాం. మనసులో ఎలా ఉన్నామో ఉత్తరం చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. అక్కడ కొండల్లో చలి మొదలైందని రాశారు. సొరంగం పనిలోంచి చెమటతో బయటికి వచ్చి అలాగే చల్లగాలిలో నిలబడకండి, మఫ్లర్ చుట్టుకోండి.

మీ ఉత్తరం అందిన రోజే జవాబు రాయడానికి కూర్చున్నాను. రాసిందంతా తిట్లలాగే ఉందని చింపేశాను. ఈ రోజు నాకు వీక్లీ ఆఫ్. అన్నాలు తిని, గిన్నెలు కడిగి, నెమ్మదిగా రాస్తున్నాను. అయినా మధ్యలో ఎక్కడైనా గొంతు పెరిగితే భరించండి. వారానికోసారి మీరు కింద ఊరికి దిగి ఫోన్ చేస్తే సగం మాటలు సిగ్నల్ మింగుతుంది. మిగతా సగం మీరు "సరే సరే, వచ్చినంక మాట్లాడుదాం" అని మింగేస్తారు. కాగితమైతే నన్ను మధ్యలో ఆపదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్త మోకాలు పటాన్‌చెరు డాక్టరు ఇచ్చిన మందుతో కొంచెం తగ్గింది. కానీ నొప్పి తగ్గగానే మళ్ళీ గొంతుక్కూర్చుని గడ్డి పీకుతుంది, మళ్ళీ నొప్పి. చెప్తే వినే మనిషి కాదని మీకు తెలుసు. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ చేయించాను, నీళ్ళకు ఇబ్బంది లేదు. నిషితకు సైన్స్‌లో మంచి మార్కులొచ్చాయి, లెక్కల్లో మాత్రం మీ పోలికే.

ఇక మీ చివరి ప్రశ్న. "అన్న ఫోన్ చేసి మస్తు బాధపడ్డడు. నలుగురి ముందట ఆయన పరువు తీసినవట. ఒక తాళం గురించి, గింత చిన్న విషయానికి గంత లొల్లి ఎందుకు?" అని రాశారు. చిన్న విషయం! ఆ రెండు మాటల దగ్గరే మీ ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేశాను. రాములు బావ మీకు ఏం చెప్పాడో నాకు తెలియదు. మొదటి నుంచీ నేను చెప్తాను, ఏది చిన్నదో మీరే చూడండి.

మన తాళంచెవి ఇల్లు కట్టినప్పటి నుంచీ బావ వాళ్ళింట్లోనే ఉండేది. నాకు షిఫ్టు, కంపెనీ బస్సు ఎప్పుడు దింపితే అప్పుడే ఇల్లు. పిల్ల స్కూల్ నుంచి వచ్చి పెద్దమ్మను అడిగి తాళంచెవి తెచ్చుకోవాలి. పెద్దమ్మ పొలానికి పోతే, పటాన్‌చెరు పోతే, పిల్ల మన గడప ముందు కూర్చోవాలి. పోయిన వానాకాలంలో ఒక రోజు నేను బస్సు దిగి వచ్చేసరికి గోడకు అంటుకుని నిలబడి ఉంది. పుస్తకాల సంచి తడవకూడదని కడుపుకు హత్తుకుని, తను మాత్రం నిలువునా తడిసింది. ఆ రోజే అనుకున్నాను, ఈ ఇంటికి తాళంచెవి అక్కర్లేని తాళం పెట్టించాలని. మీకు ఫోన్‌లో చెప్తే "నీ ఇష్టం" అన్నారు. గుర్తుంది కదా?

నేనూ నిషితా పటాన్‌చెరులో హార్డ్‌వేర్ షాపుకు పోయాం. షాపతను ముందు వేలిముద్రది చూపించాడు. నా బొటనవేలు పెడితే అది ఎర్రలైటు వెలిగించి కుయ్యిమంది. ప్యాకింగ్ సెక్షన్‌లో పూటకు ఎన్నిసార్లు స్పిరిట్‌తో చేతులు రుద్దుకుంటామో! కంపెనీ గేటు దగ్గర హాజరు మిషనే నా వేలిని గుర్తుపట్టదు, ఇక ఇంటి తలుపు ఏం గుర్తుపడుతుంది? తర్వాత ఫోన్‌తో తెరుచుకునేది తీశాడు.

"మేడం, గిది తీస్కోండ్రి. సార్ ఏడున్నా ఆడికెళ్లే తలుపు తీయొచ్చు. ఎవరొచ్చిన్రు, ఎప్పుడు పోయిన్రు, అన్నీ మెసేజులొస్తయి" అన్నాడు.

"సారుకు సిగ్నలే ఉండది. ఉన్నా, మేమెప్పుడొచ్చినం, ఎప్పుడు పోయినమని ఆయన ఆడికెళ్లి సూసుడెందుకన్నా?" అన్నాను. నిషిత నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

చివరికి ఒట్టి నంబర్లది తీసుకున్నాం. బయట అంకెల మీటలు, లోపల తిప్పే పిడి, మధ్యలో లావు బోల్టు. బ్యాటరీతో నడుస్తుంది. కరెంటుతో పని లేదు. బ్యాటరీ అయిపోతే తెరవడానికి ఒక తాళంచెవి ఉంది, అది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. వడ్రంగి జంగయ్య వచ్చి బిగించాడు. తలుపు వానకు ఉబ్బి ఉంది కాబట్టి బోల్టు చౌకట్లోకి సరిగా పోవడానికి సగం రోజు పట్టింది. కొంచెం చెక్కడం, మూయడం, మళ్ళీ చెక్కడం. ఇప్పటికీ ముసురు పట్టిన రోజు తలుపును మోకాలితో నెట్టితే తప్ప బోల్టు పడదు. అదొక్కటే బాధ.

కానీ నిషిత సంతోషం చూడాల్సింది. స్కూల్ నుంచి రాగానే చేయి అడ్డం పెట్టుకుని, బ్యాంకులో పెద్దమనిషిలాగా నంబరు కొట్టి, తలుపు తీసి, "ఇగ ఎవ్వల ఇంటికి పోయే పని లేదు మమ్మీ" అనేది. సంచి తన చోట పెట్టుకుని, తన కంచంలో తను పెట్టుకుని తిని, హోంవర్క్ చేసుకునేది. ఇంటికి వచ్చేసరికి పిల్ల ఇంట్లో ఉండటం అనే సుఖం నాకు అప్పుడే తెలిసింది.

వారం తిరగకముందే బావ వచ్చాడు. తలుపు ముందు నిలబడి ఆ మీటలను చూస్తూ, "ఏందమ్మా, ఇన్నేండ్లు తాళంచెవి మా ఇంట్లనే ఉండె. ఇప్పుడు మేం పరాయోళ్లమైతిమా?" అన్నాడు.

"అట్లెందుకనుకుంటున్రు బావా? పిల్ల వచ్చే యాల్లకు అక్క ఇంట్ల ఉండకపోతే వానల తడుస్తున్నది. అందుకే పెట్టిచ్చిన" అన్నాను.

"మరి నంబరు?"

"నంబరు ఇంట్ల ఉండేటోళ్లకే బావా."

మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు ఒక సాయంత్రం బస్సు దిగేసరికి నిషిత పుష్ప టైలర్ షాపులో స్టూల్ మీద కూర్చుని ఉంది, యూనిఫాం కూడా మార్చుకోకుండా. "ఊరికెనే వచ్చిన మమ్మీ" అంది. మరునాడూ అక్కడే. మూడోసారి పుష్ప నన్ను పక్కకు పిలిచి, "వదినా, పిల్ల ఇంటికి పోతలేదు. బడికెళ్లి సక్కగ నా తానికే వస్తున్నది. ఏదన్న జరిగిందేమో జెర అడుగు" అంది.

ఇంటికి తీసుకొచ్చి అడిగాను. ఒళ్ళో తల పెట్టుకున్నాక చెప్పింది. ఒక రోజు కింద పడుకుని బొమ్మ గీసుకుంటుంటే తలుపు మీటలు చప్పుడయ్యాయట. నేనే ముందుగా వచ్చాననుకుని ఎదురు పరిగెత్తింది. తలుపు తీసుకుని వచ్చింది రాములు పెద్దనాయన, వెనక ముగ్గురు మగవాళ్ళు. దాన్ని పలకరించకుండానే గదులన్నీ తిరిగారు. వంటగది చూశారు, బాత్‌రూం తలుపు తీసి చూశారు, ఒకడు మన మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తెమ్మన్నాడు. పోయేటప్పుడు పెద్దనాయన, "మీ అమ్మకు నేనే చెప్త తియ్, నువ్వు చెప్పకు" అన్నాడట.

అది ఒక్కటైతే ఎలాగో సర్దిచెప్పుకుందునేమో. రెండు రోజుల తర్వాత ఆ ముగ్గురిలో ఒకడు ఒక్కడే వచ్చాడు. పిల్ల ఒక్కతే లోపల. అతను బయట మీటలు ఒక్కొక్కటీ కొడుతుంటే ఇది గది మధ్యలో నిలబడి వింటోంది. బోల్టు గిర్రున వెనక్కి పోయింది. భయంతో లోపలి పై గొళ్లెం పెట్టుకుని ఉంది కాబట్టి తలుపు ఆగింది. అతను రెండుసార్లు నెట్టి, ఎవరన్నా ఉన్నారా అని అడిగి, వెళ్ళిపోయాడు. నా బిడ్డ తలుపుకు రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడిందట.

ఇప్పుడు చెప్పండి. ఇది చిన్న విషయమా?

నేను చెప్పులు వేసుకుని సరాసరి బావ ఇంటికి పోయాను. అరుగు మీద చాయ్ తాగుతున్నారు. బావ, ఊరివాళ్ళు ఇద్దరు, కొత్త మనిషి ఒకడు.

"బావా, నేను లేనప్పుడు మా ఇంట్లకు ఎవరిని తోల్కవోయిన్రు?" అన్నాను.

"మీ ఇల్లేంది? మా తమ్ముని ఇల్లు. కాంట్రాక్టరు లేబర్‌కు రూములు సూస్తున్నడు. కింద వాళ్లకు కిరాయికిస్తె మీరిద్దరు మీద రేకుల రూంల ఉండొచ్చు. మీ మంచికే గద."

"నన్ను అడిగిన్రా?"

"తమ్ముణ్ని అడిగిన. సరే అన్నడు."

"నంబరు ఎవరు చెప్పిన్రు మీకు?"

"నేనేమన్న దొంగతనం చేసిన్నా? తమ్ముడే ఫోన్ల చెప్పిండు."

బావ పెద్దరికం చూపించడం నాకు కొత్త కాదు, దానితో కొట్లాడగలను. కానీ తాళం బిగించాక, ఇంటాయనకు తెలియకపోతే ఎలా అని నేను ఫోన్‌లో మీ చెవిన వేసిన నంబరు, మీరు మాటవరసకు అన్న చేతిలో పెట్టేశారు. ఆయన దాన్ని దారిన పోయేవాళ్ళు చూస్తుండగా కొట్టాడు.

ఆ కొత్త మనిషి పేరు నవీన్, కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాడు. రెండోసారి వచ్చింది తనేనట. లేచి నిలబడి, "అక్కా, ఇల్లు ఖాళీగ ఉన్నదన్నరు. కొలతలు మర్సిపోయి మల్ల వచ్చిన. అన్న కొట్టంగ నంబరు సూసిన, అదే కొట్టిన" అన్నాడు.

"సూసిన నంబరు కొట్టుడేంది తమ్మీ? మొన్ననే గా ఇంట్ల పిల్లను సూసినవ్ గద. ఆ పిల్లతోనే నీళ్లు తెప్పిచ్చుకున్నరు గద. మల్ల ఖాళీ ఇల్లెట్లయితది?" అన్నాను. బావ వైపు తిరిగాను. అంతమంది ముందున్నా తగ్గలేదు. "బావా, అది మీ తమ్ముని ఇల్లే గావొచ్చు. కట్టేటప్పుడు ఆ గోడలకు పొద్దు మాపు నీళ్లు పట్టింది నేను. ఇగ మీద నన్ను పిలువకుంట నా గడప తొక్కితె పోలీస్ స్టేషన్‌ల కూసొని మాట్లాడుదాం" అన్నాను. పరువు తీయడం అంటే ఇదే. ఇంకొక్క మాట కూడా ఎక్కువ అనలేదు.

బావ లేచి అరవబోయాడు. అప్పుడు లోపలి నుంచి అత్త వచ్చింది, గోడ పట్టుకుంటూ.

"రాములూ, సిగ్గున్నదా నీకు? ఆడపిల్ల సొంత ఇంట్లకు పోనీకి భయపడుతుంటె, నీ పరువు పోయిందని మొత్తుకుంటున్నవా? నీ బిడ్డ ఒక్కతే ఉన్నప్పుడు గిట్ల మొగోళ్లను తోల్కొస్తె ఊకుంటవా?" అంది.

అత్త తన బట్టల సంచి సర్దుకుని నా వెంట వచ్చేసింది. నేను రమ్మనలేదు, ఆమే వచ్చింది. అందుకే ఆమె మోకాలి సంగతి నాకు ఇంత వివరంగా తెలుసు. నిషిత వచ్చే వేళకు తలుపు దగ్గర కూర్చుని ఉంటుంది. పిల్ల ఇప్పుడు పుష్ప షాపుకు పోవడం లేదు. అయినా మీటల చప్పుడైతే ఉలిక్కిపడటం మాత్రం పోలేదు. కాంట్రాక్టరు వాళ్ళు ఇంకో ఇల్లు చూసుకున్నారు. పాపం, ఆ లేబర్‌ది ఇందులో ఏ తప్పూ లేదు. ఎక్కడో పుట్టి ఇక్కడికి పనికి వచ్చినవాళ్ళు, వాళ్ళకూ ఒక తలుపు కావాలి. మీరూ అక్కడ అలాగే ఉన్నారని నాకు తెలుసు. అయితే మా తలుపు తీసి ఇవ్వమని ఎవరు చెప్పారు మీకు?

ఇంకొక సంగతి ఇంతవరకూ దాచాను. పోయిన వారం ఫోన్‌లో "నంబరు అదే గద?" అని అడిగారు. నేను అత్త మోకాలి మాట తీసి దాటేశాను. ఇప్పుడు నంబరు అది కాదు. బావ ఇంటి నుంచి వచ్చిన రోజే పాతది తీసేశాను. ఈ తాళంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క నంబరు పెట్టొచ్చు, ఎవరిది కావాలంటే వాళ్ళది తీసేయొచ్చు. అవి పెట్టడానికీ తీయడానికీ ఒక పెద్ద నంబరు ఉంటుంది. దాన్ని పెట్టే పని నిషితకే ఇచ్చాను. తనే పెట్టింది, నాకు కూడా చెప్పలేదు. నేను అడగలేదు. నాకొకటి పెట్టి ఇచ్చింది, నానమ్మకు సులువుగా ఉండేది ఒకటి పెట్టి నేర్పింది.

"మరి డాడీకి?" అని అడిగాను.

నిషిత అంది: "డాడీ వచ్చినంక నన్నే అడగాలె మమ్మీ. ఎవ్వలికి చెప్పనని నాతోని అనాలె. అప్పుడు పెడత."

సెలవు దొరకగానే రండి. వచ్చి బయట నిలబడి పిలవండి, మీ బిడ్డ లోపలి నుంచి తలుపు తీస్తుంది. ఆ తర్వాత నంబరు సంగతి మీరూ తనూ మాట్లాడుకోండి. నేను వంటగదిలో ఉంటాను. మీ తరఫున ఒక్క మాట కూడా చెప్పను.

ఇట్లు,
మీ బిడ్డ తల్లి,
సునంద