తొండం లేని ఏనుగు

మంగళవారం, పడుకోబోయే ముందు

ఈరోజు మగ్గం మీద, బొమ్మ ముందే అద్దిన పోగులు చుట్టిన కండెల వరుస తారుమారు చేశాను. కొత్త చీర కొంగులో ఏనుగుకు కాళ్లు తల మీద మొలిచాయి! మామయ్య ఏమంటారోనని ఏడుపొచ్చింది. అత్తమ్మ మాత్రం పడీపడీ నవ్వి, నడుముకు దోపుకున్న తన కొంగు విప్పి చూపించింది. అక్కడ తొండమే లేని ఏనుగు.

"కొత్త కోడలప్పుడు నేసిన, బిడ్డా. అమ్మితే నవ్వుతరని నేనే కట్టుకున్న. మీ మామకు ఇయ్యాల్టిదాంక తెల్వదు."

ఆ పాత చీర కట్టినప్పుడల్లా కొంగు దోపుకునేది పని కోసమనుకున్నాను ఇన్నాళ్లూ!

"మరి నాదేం చెయ్యాలె అత్తమ్మా?"

"ఏం జేస్తవ్? కట్టుకో. నేసుడు మాత్రం ఆపకు."

మామయ్యకు చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ముందు కొంగు దోపుకోవడం నేర్చుకోవాలి.