బండిలో ఏదో కాలుతోంది

3 జూలై 1997, గురువారం

ఈరోజు కూడా కాలిన వాసన. కడోదరా దాటగానే మొదలైంది. రబ్బరు కాదు, డీజిల్ కాదు. ఏదో తియ్యగా ఉండి గొంతులో పట్టేసే కంపు. రవీంద్ర అద్దం దింపాడు. వాన లోపలికొచ్చింది గానీ వాసన బయటికి పోలేదు.

నాకు డ్రైవింగ్ రాదు. పికప్ నాది, నడిపేది నా భార్య పద్మారాణి తమ్ముడు రవీంద్ర. జోల్వా నేత కార్ఖానాల్లో రంగు వేయని గ్రే బట్ట ఎక్కించుకుని సచిన్ ఊళ్లో రంగుల మిల్లుకు చేరుస్తాం. మా ఇద్దరి మధ్యా నాన్న కూర్చుంటాడు. ఇంట్లో ఉండమంటే ఉండడు. ఏమీ వినపడదు, ఎవరితోనూ మాట్లాడడు. డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు చూస్తుంటాడు.

సెకండ్ హ్యాండ్ బండంటే ఇంతేనేమో. పోయిన నెలంతా కింద రేకు దడదడ కొట్టుకుంది. ఒకరోజు తిక్క రేగి, దీన్ని ఆపేటోడే లేడా అని డ్యాష్‌బోర్డు మీద గుద్దాను. తర్వాత దానంతటదే ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు ఈ కంపు.

5 జూలై, శనివారం

అంబదాస్ గ్యారేజీకి తీసుకెళ్లాం. షోలాపూర్ మనిషి, మన తెలుగే, సగం హిందీలో మాట్లాడతాడు. బానెట్‌లో తల పెట్టి, వైరింగ్ గరమ్ అయితుంది రాములు భాయ్, మార్చాల్సిందే అన్నాడు. మార్చాడు. పూట పని పోయింది.

9 జూలై

మళ్ళీ వచ్చింది.

12 జూలై, శనివారం

ఈసారి క్లచ్ ప్లేట్ అన్నాడు అంబదాస్. డ్రైవర్ కాలు క్లచ్ మీదనే పెట్టి నడిపితే ఇట్లా కాలుతుందట. నేను రవీంద్ర మీద పడ్డాను. నా కాలు క్లచ్ మీద ఉంటలేదు బావా, జర నువ్వే చూడరాదు అన్నాడు. నేను చూడలేదు. చూస్తే నాకేం తెలుస్తుంది?

పాత ప్లేటు విప్పాక అంబదాస్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంత ఖరాబ్ ఏం కాలేదు అని గొణిగాడు. అయినా కొత్తది వేశాడు.

ఇంటికొచ్చాక పద్మ నిలదీసింది. ఈ బండి ఎందుకు గొన్నమో యాదికుందా అని. ఎందుకు లేదు? రెండేళ్ల నుంచి రవీంద్ర చెవుల్లో ఈల మోగుతోంది. సాంచాల మీద, ఆ మరమగ్గాల చప్పుడులో ఇంకా పనిచేస్తే ఉన్న వినికిడి కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. నాన్న చెవులు ఆ సాంచాలే తిన్నాయి. రవీంద్రవి కూడా తినకూడదనే ఈ బండి. మరి ఆ బండినే అతను తగలబెడితే నేనేం చేయాలి?

16 జూలై, బుధవారం

అంబదాస్ బండి కింద పడుకుని చూశాడు. సైలెన్సర్ పైపు మీద నల్లగా, అట్టకట్టినట్టు ఏదో ఉందట. వానాకాలం రోడ్లకు పోసే డాంబరు ఎగిరి అంటుకుంటుంది, అదే కాలుతోంది అన్నాడు. స్క్రూడ్రైవర్‌తో గీకేశాడు.

ఈరోజు వాసన లేదు. రేకు కొంచెం కొట్టుకుంది గానీ ఆ చప్పుడే నాకు హాయిగా అనిపించింది. రవీంద్ర ముఖం చూడలేకపోయాను.

18 జూలై

పొద్దున నాన్న ఎప్పటిలాగే కార్ఖానాలో మిగిలే చిందీ గుడ్డ పేలికలు పట్టుకుని బండి తుడుస్తున్నాడు. ఆ శ్రద్ధ అంబదాస్‌కు ఉంటే బాగుండేది. మధ్యాహ్నానికి మళ్ళీ అదే కంపు.

21 జూలై, సోమవారం

ఈరోజు గురించి రాయాలని లేదు.

మిల్లు వాళ్లు లోడు వాపసు పంపారు. తాకాలు, అంటే బట్ట తానులన్నీ కాలిన వాసన కొడుతున్నాయట. జోల్వాలో సేఠ్ నలుగురి ముందూ అరిచాడు. ఇంకోసారి ఇలా అయితే వేరే టెంపో చూసుకుంటానన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం తెచ్చి రవీంద్ర మీద పోశాను. సాంచా నడిపే కాళ్లకు క్లచ్ ఏం తెలుస్తది అన్నాను. హమాలీలు నవ్వారు.

రవీంద్ర తాళంచెవి తాకాల మీద పెట్టి వెళ్లిపోయాడు. నాన్న సీట్లో నుంచి మా ఇద్దరి పెదాలూ చూస్తూనే ఉన్నాడు.

23 జూలై

రవీంద్ర జోల్వాలోనే ఒక కార్ఖానాలో చేరాడట. మళ్ళీ సాంచాల మీదే. పద్మ ఈ సంగతి గోడకు చెప్పినట్టు చెప్పి వంటింట్లోకి పోయింది.

6 ఆగస్టు, బుధవారం

జీతానికి ఒక డ్రైవర్‌ని పెట్టుకున్నాను. క్లచ్ మీద కాలు పెట్టడు. నేను వంగి మరీ చూస్తున్నాను. వాసన మాత్రం అదే.

తప్పు రవీంద్రది కాదు అన్న ఈ ముక్క రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

18 ఆగస్టు, నూలు పున్నం

నాన్న జంధ్యం మార్చుకుని, నా చేతికో నూలుపోగు కట్టి, స్టీరింగ్‌కు ఇంకోటి కట్టాడు. పద్మ రాఖీ పళ్లెం సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. రవీంద్ర రాలేదు. చీకటి పడ్డాక పళ్లెం తీసేసింది. నేను అన్నం తినలేదు, ఎవరూ తినమనలేదు కూడా.

20 ఆగస్టు, బుధవారం, పొద్దున

పద్మ నా చొక్కా ఉతకడానికి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇది బండి వాసన కాదు, ఇస్త్రీ పెట్టె ఎక్కువ కాలితే పాలిస్టర్ చీర గిట్లనే కంపు గొడ్తది అంది. నెల రోజుల నుంచి నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు.

నా తలలో ఏదో తెగినట్టయింది. పుట్టినప్పటి నుంచి బట్టల మధ్య బతికినవాణ్ణి. ఈ వాసన నాకు తెలియదా? బండి నుంచి వస్తోంది గనక బండిదే అనుకున్నాను.

మధ్యాహ్నం

బురదలో పడుకుని బండి కిందికి దూరాను. సైలెన్సర్ పైపుకూ పైన రేకుకూ మధ్య చిందీ గుడ్డలు కుక్కి ఉన్నాయి. పైపు వైపు నల్లగా కరిగి కారింది. రేకు వైపు ఇంకా తెల్లగానే ఉంది. జారిపోకుండా దారంతో కట్టి ఉంది.

ఆ ముడి చూశాక ఎవరినీ అడగక్కర్లేదు. చూపుడువేలు వంకరపోయిన నాన్న చెయ్యి వేసే ముడి అది. చిన్నప్పుడు నాకు నేర్పించిన ముడి. సాంచాలో ఏ భాగమైనా అదిరితే కార్ఖానాలో ఎవరైనా చేసే పని ఇదే, సందులో చిందీ కుక్కి కట్టేయడం. సాంచా కింద సైలెన్సర్ ఉండదు, అంతే తేడా.

నాన్న ముందు నిలబడి, ఆ ముద్ద చూపించి, పెదాలు బాగా కదిపి అడిగాను. ఆయన గట్టిగా, సంతోషంగా చెప్పాడు. నువ్వే గద అన్నవ్ దీన్ని ఆపెటోడు లేడా అని, నేను ఆపిన, అది ఊడినప్పుడల్లా చేతికి తెలుస్తది, మళ్ల కడ్త అన్నాడు.

వాసన రాలేదా అని అడిగాను. దుమ్ముకు ముక్కు ఎన్నడో పాయె బిడ్డా అన్నాడు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. రావలసిన చోటు వేరే ఉంది.

21 ఆగస్టు, గురువారం

జోల్వా వెళ్లాను. కార్ఖానాలో అడుగు పెడితే చప్పుడు ఛాతీకి తగులుతుంది. అక్కడ నోటితో అరిచి లాభం లేదు, పెదాలతో మాట్లాడాలి. రవీంద్ర ఎదురుగా నిలబడి, తప్పు నాది అన్నాను, చప్పుడు లేకుండా. రెండోసారి కూడా అన్నాను. అతను తెగిన పోగు అతికి, సాంచా ఆపి, బయటికి వచ్చాడు.

అంతా చెప్పాను. మామ జేసిండా అని ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. నన్ను అడగకపోతివి, మామను గూడ అడగకపోతివి, ఆయనకు చెవుల్లేవు, మరి నీకేమాయె బావా అన్నాడు.

సాంచాకు ఎక్కించిన నూలు బీమ్ అయ్యేదాకా నడపాలట. అది దింపి వస్తానన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ తల కొంచెం పక్కకు తిప్పి, నా పెదాలే చూశాడు. అలవాటు అనుకున్నాను.

2 సెప్టెంబర్, మంగళవారం

రవీంద్ర వచ్చాడు. పద్మ తీసిపెట్టిన రాఖీ ఈరోజు కట్టింది. బండి తీశాడు.

వాసన లేదు. రేకు మాత్రం మేముండే కోసాడ్ నుంచి దడదడలాడుతూనే ఉంది, పళ్లు కదిలేటట్టు. కడోదరా దగ్గర రవీంద్ర నవ్వుతూ నా వైపు తిరిగాడు. కొట్టుకునుడు గూడ బందైంది గద బావా, ఏం జేయించినవ్ అన్నాడు.

రేకు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నాన్న అతని పెదాలు చూశాడు. తర్వాత అతని ఎడమ చెయ్యి పట్టుకుని, తెచ్చి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.